పద్మనాభ యుద్ధం

పాఠ్యభాగ ఉద్దేశం

రాజ్యాలు శత్రువుల బలం వల్ల ఎంతగా కూలిపోతాయో, స్వజనుల వైరం వల్ల అంతకంటె త్వరగా కూలిపోతాయి. దాయాదుల కలహంలో న్యాయం చెప్పడానికి వచ్చిన మూడోవాడు క్రమంగా యజమాని కావడం చరిత్రలో పలుమార్లు జరిగింది. ఉత్తరాంధ్రలో 1794 జులై 10న జరిగిన పద్మనాభ యుద్ధం అందుకు ఒక ఉదాహరణ. ముప్పావు గంటలో ముగిసిన ఆ పోరు వెనుక ముప్పై సంవత్సరాలకు పైబడిన అన్నదమ్ముల వివాదం ఉంది. ఆ కార్యకారణ సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

విజయనగరం పట్టణానికి ఈశాన్యంగా సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలో రామతీర్థం ఉంది. కొండలు, కొలను, బౌద్ధ జైన శిథిలాలు, రామాలయం ఒకేచోట కనిపించే పుణ్యస్థలమది. పట్టణానికి దక్షిణంగా, భీమునిపట్నం వెళ్లే దిక్కున పద్మనాభం ఉంది. అక్కడ కొండమీద అనంతపద్మనాభస్వామి, కొండ దిగువన కుంతీమాధవస్వామి వెలసి ఉన్నారు. ఈ రెండు క్షేత్రాలూ పూసపాటి వంశీయుల ఏలుబడిలో ఉండేవి. రామతీర్థ దేవాలయానికి ఆ వంశీయులే వంశపారంపర్య ధర్మకర్తలు. రామతీర్థం ఆ వంశపు భక్తికి గుర్తుగా నిలిచింది. పద్మనాభం ఆ వంశపు స్వతంత్రాధికారం అస్తమించిన చోటుగా చరిత్రకెక్కింది.

సంస్థానం ఎదుగుదల

పదిహేడో శతాబ్ది మధ్యకాలంలో గోల్కొండ నవాబుల ప్రతినిధి వెంట శ్రీకాకుళం సీమకు వచ్చిన పూసపాటివారు మొదట కుమిలి, గండ్రేడు ప్రాంతాలను పొందారు. తరువాత పొట్నూరు వారికి నివాసస్థానమైంది. 1713లో, విజయనామ సంవత్సరంలో, విజయదశమి నాడు విజయనగరం కోటకు పునాది పడిందని ప్రసిద్ధి. క్రమంగా చుట్టుపట్ల జమీందారులలో వారిదే పైచేయి అయింది.

ఈ ఎదుగుదలలోనే పతనానికి బీజం పడింది. పెదవిజయరామరాజుకు బొబ్బిలి ప్రభువులతో వైరముండేది. ఆ వైరం తీర్చుకోవడానికి ఆయన ఫ్రెంచి సేనాని బుస్సీ సాయం కోరాడు. 1757 జనవరి 24న ఫ్రెంచివారి ఫిరంగులు బొబ్బిలి కోటను నేలమట్టం చేశాయి. మూడు రాత్రులు గడవకముందే తాండ్ర పాపారాయుడు రాజు గుడారంలో ప్రవేశించి ఆయనను హతమార్చాడు. ఆ తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారితో విభేదించాడు. వారిని వెళ్లగొట్టడానికి ఆయన ఇంగ్లీషువారిని పిలిచాడు. కర్నల్ ఫోర్డ్ సేనతో ఆనందరాజు సేన కలిసింది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. మరుసటి ఏడాది మచిలీపట్నం కూడా ఇంగ్లీషువారి వశమయింది. ఒక పరదేశీయుని తొలగించడానికి మరొక పరదేశీయుని తెచ్చుకోవడం ఆనాడు రాజనీతిగా కనిపించింది. దాని మూల్యం తరువాతి తరం చెల్లించవలసి వచ్చింది.

అన్నదమ్ముల వివాదం

1760లో ఆనందరాజు సంతానం లేకుండా మరణించాడు. రాజకుటుంబంలోని వితంతువు జ్ఞాతులలో ఒక బాలుని దత్తత తీసుకుంది. ఆ బాలుడే చినవిజయరామరాజు. అతనికి సీతారామరాజు అనే సవతి అన్న ఉన్నాడు. సీతారామరాజు వయసులో పెద్దవాడు, సమర్థుడు, అధికార కాంక్ష గలవాడు. సింహాసనం తమ్మునికి దక్కింది. దివాను పదవితో పాటు రాజ్యభారం యావత్తూ అన్న చేతిలోకి వచ్చింది. పేరు ఒకరిది, అధికారం మరొకరిది.

సీతారామరాజు పాలనలో సంస్థానం బాగా విస్తరించింది. జయపురం, పాలకొండ వంటి పెద్ద జమీందారీలు సైతం విజయనగరం ఆధిక్యాన్ని అంగీకరించాయి. మన్యం జమీందారులను లొంగదీయడంలో కంపెనీ సైన్యం కూడా సంస్థానానికి తోడ్పడింది. అణగిపోయిన ఆ జమీందారులలో పలువురు తమ గ్రామాలను, కోటలను కోల్పోయారు. విజయనగరానికి కీర్తి తెచ్చిన విస్తరణ వారికి వేదన మిగిల్చింది. ఈ సంగతి మరచిపోతే ఆనాటి చరిత్ర సగమే తెలిసినట్లవుతుంది.

బాలుడు యువకుడైన తరువాత పరిస్థితి మారింది. చినవిజయరామరాజు అన్న పెత్తనాన్ని సహించలేకపోయాడు. అన్న అనుచరులు ఒక పక్షంగా, రాజు హితులు మరొక పక్షంగా ఆస్థానం చీలిపోయింది. సీతారామరాజు పదవి పోగొట్టుకొన్నాడు, మళ్లీ పొందాడు, మళ్లీ పోగొట్టుకొన్నాడు. ఒక కుటుంబంలోని పెద్దలు కూర్చొని తీర్చవలసిన తగవు అది. కాని ఇరుపక్షాలూ తీర్పు కోసం చెన్నపట్నం వైపు చూశాయి.

తీర్పరి స్వార్థం

అప్పటికి ఉత్తర సర్కారుల స్వరూపమే మారిపోయింది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా ద్వారా ఆ సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. 1766లో నిజాము కూడా ఒడంబడిక చేసుకొన్నాడు. నిన్నటి మిత్రుడు నేటి ప్రభువు అయినాడు. పూసపాటివారు కంపెనీకి ఏటా పేష్కష్ చెల్లించవలసిన సామంతులయ్యారు.

1778లో చెన్నపట్నం గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డ్ జమీందారులందరినీ తన వద్దకు రమ్మని ఆజ్ఞాపించాడు. సీతారామరాజు అక్కడ గవర్నరు అనుగ్రహం సంపాదించాడు. రాజు ఎంత అభ్యంతరం చెప్పినా వినక, సీతారామరాజునే దివానుగా అంగీకరించవలసిందని రంబోల్డ్ ఒత్తిడి చేశాడు. ఈ వ్యవహారంలో ధనం చేతులు మారిందన్న ఆరోపణలు వచ్చాయి. 1781లో కంపెనీ డైరెక్టర్లు రంబోల్డ్‌ను తొలగించారు. బ్రిటిషు పార్లమెంటులో ఆయనపై విచారణ సాగింది కాని, శిక్ష లేకుండానే అది ముగిసింది. రొట్టెముక్క కోసం తగవులాడుకొన్న పిల్లులకు కోతి తీర్పు చెప్పిన కథ మనకు తెలిసినదే. తక్కెడ ఎటు మొగ్గినా ఒక ముక్క కోతి నోటిలోకే వెళుతుంది.

ఒకవైపు ఈ కలహం, మరొకవైపు పెరుగుతున్న పేష్కష్ బకాయిలు. సంస్థానం వేల సంఖ్యలో సైన్యాన్ని పోషిస్తున్నది. విశాఖపట్నం చుట్టూ ఉన్న భూమి చాలావరకు దాని అధీనంలోనే ఉంది. ఇంత బలమైన సామంతుని పక్కన ఉంచుకోవడం కంపెనీకి ఇష్టం లేదు. పైగా బకాయిలు లక్షల రూపాయలకు చేరాయి. 1793లో కంపెనీ మొదట సీతారామరాజును నెలసరి భత్యంపై చెన్నపట్నానికి పంపివేసింది. అన్న తొలగినందుకు తమ్మునికి ఊరట కలిగి ఉండవచ్చు. కాని ఆ ఊరట ఎంతోకాలం నిలవలేదు. అదే సంవత్సరం ఆగస్టులో కర్నల్ ప్రెండర్‌గాస్ట్ విజయనగరం కోటను స్వాధీనం చేసుకొన్నాడు. సంస్థానం కంపెనీ జప్తులోకి వెళ్లింది. అన్నదమ్ములిద్దరిలో ఎవరికీ కోట మిగలలేదు.

పద్మనాభంలో చివరి పోరు

నెలకు 1,200 రూపాయల భత్యం తీసుకొని మచిలీపట్నం వెళ్లి నివసించవలసిందని కంపెనీ రాజును ఆదేశించింది. స్వస్థలాన్ని, ప్రజలను, బంధుజనాన్ని విడిచి పరాయి పట్టణంలో ఉద్యోగిలా జీతం పుచ్చుకొంటూ బ్రతకడమే దాని అర్థం. చినవిజయరామరాజు మచిలీపట్నం వెళ్లలేదు. సుమారు నాలుగు వేల మంది అనుచరులతో పద్మనాభం చేరి అక్కడ విడిది చేశాడు.

ఈ సమీకరణం తిరుగుబాటుకు నాంది అని కంపెనీ భావించింది. ప్రెండర్‌గాస్ట్ ఐదు కంపెనీల సిపాయిలతో పద్మనాభం మీదికి వచ్చాడు. వారి సంఖ్య సుమారు 750. 1794 జులై 10న యుద్ధం జరిగింది. సంఖ్యాబలం రాజుది. ఒకే ఆజ్ఞకు కదిలే శిక్షణ, వరుస తప్పని తుపాకుల కాల్పులు సిపాయిలవి. కత్తులు, బల్లేలు పట్టి ముందుకు దూకిన వీరుల సాహసం ఆ కాల్పుల ముందు నిలువలేకపోయింది. పోరు ముప్పావు గంటకు మించలేదు. చినవిజయరామరాజు రణరంగంలోనే ప్రాణాలు విడిచాడు. ఆయనతో పాటు సుమారు మూడు వందల మంది నేలకొరిగారు. వారిలో అత్యధికులు సంస్థానంలోని ప్రముఖ క్షత్రియ కుటుంబాలవారు. ప్రభువును విడిచి పారిపోక, ఆయన చుట్టూ నిలిచి వారు ప్రాణాలర్పించారు. కంపెనీ పక్షాన జరిగిన ప్రాణనష్టం అందులో చిన్న భాగమే.

ఇక్కడ గమనింపదగిన విషయం మరొకటి ఉంది. కంపెనీ పక్షాన తుపాకి పేల్చిన సిపాయిలలో దాదాపు అందరూ ఈ దేశీయులే. ఆజ్ఞాపించినవారు మాత్రం పరదేశీయులు. ఆ రోజున పద్మనాభం మట్టిపై చిందిన రక్తంలో అధిక భాగం ఒకే నేలలో పుట్టినవారిది.

యుద్ధ పర్యవసానం

గెలిచినవారికి పాలన అంత సులభం కాలేదు. మరణించిన రాజు కుమారుడు నారాయణబాబు అప్పటికి చిన్నవాడు. హితులు అతనిని మన్యానికి తరలించారు. అక్కడి జమీందారులు అతనికి ఆశ్రయమిచ్చారు. ఒకనాడు విజయనగరం కింద అణగి ఉన్న మన్యంలోనే ఆ వంశపు బిడ్డకు రక్షణ దొరకడం విశేషం. బాలుడు వారి చేతిలో ఉన్నంతకాలం సీమలో శాంతి నెలకొనదని కంపెనీ గ్రహించింది. సంప్రదింపులు జరిగాయి. చివరకు నారాయణబాబుకు సంస్థానం తిరిగి దక్కింది.

అయితే తిరిగి దక్కినది పూర్వపు రాజ్యం కాదు. మన్యం జమీందారులను విజయనగరం ఆధిపత్యం నుంచి తప్పించి, నేరుగా కంపెనీకి లోబడినవారిగా చేశారు. 1757లో నాశనమైన బొబ్బిలి సంస్థానం కూడా చినరంగారావు కాలంలో కంపెనీ ద్వారా పునరుద్ధరింపబడింది. 1794లోనే పాత పాలక మండళ్లు రద్దయి కలెక్టర్ల పాలన మొదలయింది. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం అమలు జరిగినప్పుడు విజయనగరం 24 పరగణాలు, 1,157 గ్రామాలు గల జమీందారీగా స్థిరపడింది. దాని పేష్కష్ ఐదు లక్షల రూపాయలు. రాజు జమీందారు అయినాడు. సైన్యం పోయి కచేరీ మిగిలింది.

ఖడ్గం విడిచిన ఆ వంశం తరువాతి శతాబ్దిలో విద్యకు, కళలకు ఆశ్రయమైంది. మాక్స్ ముల్లర్ ఋగ్వేద ద్వితీయ ముద్రణకు ఆనందగజపతి రాజు ధనసహాయం చేశాడు. గురజాడ అప్పారావు తన ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణను 1897లో ఆయనకే అంకితమిచ్చాడు. విజయనగరం విద్యల నగరంగా పేరుపొందింది. ఇది కంపెనీ దయ వల్ల కలిగినది కాదు. అధికారం పోయినా అభిరుచి పోని పాలకుల వల్ల, ఆ సీమలో పుట్టిన ప్రతిభావంతుల వల్ల కలిగినది.

ఇతర దాయాది యుద్ధాలతో పోలిక

పద్మనాభ యుద్ధాన్ని మరి రెండు పోరాటాలతో పోల్చి చూస్తే దాని ప్రత్యేకత తెలుస్తుంది.

పన్నెండో శతాబ్దిలో పల్నాటి యుద్ధం జరిగింది. అనుగురాజు కుమారులైన నలగాముడు, మలిదేవుడు సవతి సోదరులు. నాగమ్మ ఒక పక్షాన, బ్రహ్మనాయుడు మరొక పక్షాన నిలిచారు. కారెంపూడి రణభూమిలో ఇరుపక్షాల వీరులూ నశించారు. ఆ కలహం వల్ల తీరాంధ్ర ప్రభువులు బలహీనపడి, కాకతీయుల విస్తరణకు మార్గం ఏర్పడింది.

ఇంగ్లండులో పదిహేనో శతాబ్దిలో యార్క్, లాంకాస్టర్ అనే రెండు శాఖల మధ్య రాజ్యాధికారం కోసం సుమారు ముప్పై సంవత్సరాలు పోరు సాగింది. రెండు శాఖలూ మూడో ఎడ్వర్డ్ సంతతివే. వీటి చిహ్నాలైన తెల్ల గులాబీ, ఎర్ర గులాబీ పేరుమీద ఆ పోరాటాలకు గులాబీల యుద్ధాలనే పేరు వచ్చింది. 1485 ఆగస్టు 22న బాస్వర్త్ వద్ద నిర్ణాయక యుద్ధం జరిగింది. అక్కడ కూడా మూడో పక్షమొకటి వేచి చూసింది. స్టాన్లీ సోదరుల సేనలు ఎటు మొగ్గుతాయో చివరి వరకు తెలియలేదు. విలియం స్టాన్లీ సేన హెన్రీ ట్యూడర్ పక్షాన దిగడంతో రాజైన మూడో రిచర్డ్ రణరంగంలో మరణించాడు. హెన్రీ సింహాసనమెక్కి, మరుసటి ఏడాది యార్క్ వంశపు ఎలిజబెత్‌ను వివాహమాడాడు. ఆ వివాహం రెండు శాఖలనూ కలిపింది. మరణించిన రాజు అస్థికలు 2012లో లెస్టర్ నగరంలో బయటపడ్డాయి.

బాస్వర్త్‌లోనూ, పద్మనాభంలోనూ రాజు యుద్ధభూమిలోనే మరణించాడు. రెండూ కొద్ది కాలంలో ముగిసి దీర్ఘకాలపు ఫలితాలనిచ్చాయి. అయితే బాస్వర్త్ తరువాత సింహాసనం ఆ దేశపు మనిషికే దక్కింది. కలహించిన వంశాలు వివాహంతో కలిసే అవకాశం మిగిలింది. పద్మనాభంలో అన్న గెలవలేదు, తమ్ముడు గెలవలేదు. యుద్ధం జరిగేనాటికి అన్న ఆ రంగస్థలంపై లేనే లేడు. గెలిచినది వారిద్దరి తగవును లెక్కల పుస్తకంలో రాసుకొన్న ఒక వర్తక సంఘం. దానికి వంశగౌరవంతో పనిలేదు. బకాయిలు, శిస్తులే దానికి ప్రమాణం.

ముగింపు

బొబ్బిలి యుద్ధం కథాగానాలలో, 1964లో వచ్చిన చలనచిత్రంలో ప్రజల హృదయాలలో నిలిచింది. పద్మనాభం పేరు అంతగా వినిపించదు. నిజానికి మొదటిది లేకపోతే రెండోది లేదు. బొబ్బిలిపై బుస్సీని పిలిచినవారు, బుస్సీ జాతివారిపై ఫోర్డ్‌ను పిలిచారు. ఫోర్డ్ జాతివారి గవర్నరును అన్నదమ్ముల తగవుకు తీర్పరిగా అంగీకరించారు. చివరకు ప్రెండర్‌గాస్ట్ ఎవరూ పిలువకుండానే వచ్చాడు. పిలిచిన ప్రతిసారీ లాభం తాత్కాలికం, నష్టం శాశ్వతం అయింది.

చినవిజయరామరాజు మరణం వీరమరణం. భత్యం కంటె గౌరవమే గొప్పదని ఆయన తన ప్రాణంతో చెప్పాడు. ఆ వీరత్వానికి నమస్కరించడం మన ధర్మం. అయితే వీరత్వం ఒక్కటే రాజ్యాన్ని నిలుపలేదన్న సత్యాన్ని గ్రహించడం అంతకంటె ముఖ్యం. ఆనాడు పద్మనాభంలో నిలిచిన నాలుగు వేల మందికి ధైర్యం కొరవడలేదు. కొరవడినది, ముప్పై ఏళ్లకు ముందే ఇంటిలో ఏర్పడవలసిన ఐకమత్యం. ఇంటి తగవును ఇంటిలో తీర్చుకోలేని సమాజం వీధిలో పోయేవాని తీర్పుకు తలవంచవలసి వస్తుందని ఈ చరిత్ర హెచ్చరిస్తున్నది.

కఠిన పదాలకు అర్థాలు

దాయాదులు = ఒకే వంశంలో పుట్టి ఆస్తిలో హక్కు గలవారు
జ్ఞాతి = తండ్రి వైపు బంధువు
ఫర్మానా = చక్రవర్తి ఇచ్చిన ఆజ్ఞాపత్రం
పేష్కష్ = సామంతుడు పై ప్రభువుకు చెల్లించే కప్పం
బకాయి = చెల్లించవలసి మిగిలిన సొమ్ము
భత్యం = జీవనానికి ఇచ్చే సొమ్ము
జప్తు = ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం
తీర్పరి = తగవు తీర్చేవాడు
పర్యవసానం = చివరి ఫలితం
మన్యం = కొండలు, అడవులు గల ప్రాంతం
కచేరీ = అధికార కార్యాలయం

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పద్మనాభ యుద్ధానికి దారితీసిన కారణాలను వివరించండి.
2. పద్మనాభ యుద్ధాన్ని పల్నాటి యుద్ధంతోనూ, బాస్వర్త్ యుద్ధంతోనూ పోల్చి రాయండి.
3. ‘వీరత్వం ఒక్కటే రాజ్యాన్ని నిలుపలేదు’ అనే అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి లేదా ఖండించండి.

ఆ. క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ఆనందరాజు ఇంగ్లీషువారిని ఎందుకు పిలిచాడు?
2. సీతారామరాజు కాలంలో జరిగిన విస్తరణ ఎవరికి వేదన మిగిల్చింది?
3. నారాయణబాబుకు కంపెనీ సంస్థానాన్ని తిరిగి ఎందుకు ఇచ్చింది?
4. పిల్లుల తగవు కథను రచయిత ఏ సందర్భంలో ప్రస్తావించాడు?

ఇ. ఏకపద లేదా ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పద్మనాభ యుద్ధం ఏ సంవత్సరంలో జరిగింది?
2. కంపెనీ సేనకు నాయకత్వం వహించినవాడెవరు?
3. రాజును ఏ పట్టణానికి వెళ్లవలసిందని కంపెనీ ఆదేశించింది?
4. శాశ్వత శిస్తు నిర్ణయంలో విజయనగరం జమీందారీకి దక్కిన గ్రామాలెన్ని?

ఈ. క్రింది పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి.
రాజ్యాధికారం, పర్యవసానం, అత్యధికులు, రామాలయం

ఉ. క్రింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు పేర్కొనండి.
అన్నదమ్ములు, రాజకుటుంబం, వీరమరణం, రణరంగం